718 ఫోర్జింగ్‌లో పగుళ్లు: వేడి చాలకా, ఇంకేమైనానా?

విభాగం: లోహాలు, కొలిమి పని

బాలానగర్_సుత్తి | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫోర్జింగ్ షాపు. పద్దెనిమిదేళ్లుగా మామూలు స్టీళ్లే కొడుతున్నాం. ఫ్లాంజీలు, గేర్ బ్లాంకులు, షాఫ్టులు. ఈమధ్య మొదటిసారి ఇంకొనెల్ 718 (జెట్ ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రమం) ఆర్డరు ఒప్పుకున్నాం. 120 మిల్లీమీటర్ల వ్యాసం, 160 ఎత్తు ఉన్న బిల్లెట్లు (కొట్టడానికి కోసిన కడ్డీ ముక్కలు), ఒక్కోటి సుమారు 15 కిలోలు. వెయ్యి టన్నుల ప్రెస్ మీద వాటిని 60 మిల్లీమీటర్ల మందానికి పాన్‌కేక్‌లా నొక్కాలి.

ఎనిమిది ముక్కలు పెడితే నాలుగు పగిలాయి. మెటీరియల్ పార్టీది, పోయిన ముక్కలకి డబ్బు కట్టాల్సింది మేము. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

ఫర్నేస్ 1120 డిగ్రీల దగ్గర పెట్టి రెండు గంటలు ఉంచాం. రెండు హీట్లలో, అంటే రెండుసార్లు కాచి నొక్కి, పూర్తి చేద్దామనుకున్నాం. మొదటి హీట్‌లో ఏమీ కనబడలేదు. రెండో హీట్‌లో అంచు ఉబ్బిన చోట నిలువుగా చీలింది. చల్లారాక చూస్తే పగులులో గోరు దిగబడుతోంది. ఇంకో రకం పగుళ్లు కూడా ఉన్నాయి. పై ముఖం మీద ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు. కంటికి సరిగ్గా ఆనవు. డీపీ టెస్ట్ (పగుళ్లలోకి ఎర్ర రంగు దించి చూసే పరీక్ష) చేస్తే తెల్ల పొడి మీద ఎర్రగా సాలెగూడులా లేచాయి.

వేడి చాలలేదు, ఈసారి 1180 పెడదాం అంటున్నాడు మా ఆపరేటర్. ఈ లోహంతో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి.

సీఎన్‌సీ_చర్లపల్లి | ఆదివారం రాత్రి 10:15

అన్నా, ముందు ఆ 1180 ఆలోచన ఆపండి. నేను ఫోర్జింగ్ వాణ్ని కాదు, మీలాంటి వాళ్లు కొట్టిన 718ని మెషిన్ చేసేవాణ్ని. వేడి ఎక్కువైన ముక్కలు నా దగ్గరికి వచ్చాయి. బయటికి బాగానే ఉంటాయి. కోసి చూస్తే గ్రైన్ (లోహంలోని స్ఫటికపు రేణువు) బియ్యపు గింజంత. అవన్నీ రిజెక్ట్ అయ్యాయి.

ఈ ఫోరమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైర్డ్_మెటలర్జిస్ట్ అని. ఆయన చూస్తే బాగుండు.

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | సోమవారం ఉదయం 6:20

చూశాను బాబూ. జవాబు చెప్పే ముందు నాలుగు సంగతులు కావాలి.

ఎనిమిది ముక్కల్లో ఏ నంబరుది ఎలా పగిలింది? ప్రెస్ కిందికి ఏ వరసలో వెళ్లాయి? డైలు, అంటే ముక్కని పైనా కిందా నొక్కే దిమ్మలు, ఎంత వేడి మీద ఉన్నాయి? ఫర్నేస్ దేనితో మండుతుంది?

రెండు రకాల పగుళ్లు కనబడ్డాయన్నావు. రెండింటికీ ఒకే కారణం ఉండాలని లేదు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

బాలానగర్_సుత్తి | సోమవారం మధ్యాహ్నం 1:05

సార్, నంబర్లు పంచ్ కొట్టి ఉన్నాయి కాబట్టి చెప్పగలను. ప్రెస్ కిందికి వెళ్లింది కూడా అదే వరస.

1, 2, 3 – అంచున లోతైన చీలికలు. 3, 5 – పై ముఖం మీద నెర్రెలు. 3కి రెండూ ఉన్నాయి. 4, 6, 7, 8 – ఏమీ లేవు.

డైలని గ్యాస్ టార్చ్‌తో కాసేపు వేడి చేశాం. ఎంత అని కొలవలేదు. స్టీలుకి మేం అలాగే చేస్తాం. ఫర్నేస్ ఇంతకుముందు ఎల్పీజీ మీద నడిచేది. ఖర్చు తగ్గుతుందని పోయిన సంవత్సరం ఫర్నేస్ ఆయిల్ బర్నర్ పెట్టించాం.

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | సోమవారం రాత్రి 8:50

బాబూ, నీ జాబితాలోనే జవాబు ఉంది. మొదటి మూడూ అంచున చీలాయి, తర్వాతవి చీలలేదు. ఎందుకు? మొదటి మూడు ముక్కలు తమ వేడి ఇచ్చి మీ డైలని కాచాయి. తర్వాతి వాటికి డై వెచ్చగా దొరికింది.

మామూలు స్టీలుతో ఇది ఇంత కొట్టొచ్చినట్టు కనబడదు. స్టీలు 1200 నుంచి 900 దాకా చల్లబడుతున్నా సాగుతూనే ఉంటుంది. 718కి ఆ ఉదారత లేదు. 1120 దాటకూడదు, 900 కిందికి రాకూడదు. నడుమ ఉన్న ఆ సందులోనే పని ముగించాలి. చల్లటి డై తగిలిన చర్మం క్షణాల్లో 900 కిందికి పడిపోతుంది, లోపల మాత్రం ఇంకా మెత్తగానే ఉంటుంది. నువ్వు నొక్కినప్పుడు లోపలి లోహం పక్కలకి పరుచుకోవాలని చూస్తుంది. గట్టిపడ్డ చర్మం దాంతో పాటు సాగలేక చీలుతుంది. బాగా ఎండిన అట్టు అంచు మడిస్తే విరిగినట్టే.

డైలు మీ దగ్గర హెచ్13 టూల్ స్టీలువి అయితే 350 డిగ్రీల దాకా నిదానంగా వేడి చెయ్యి. టార్చ్ కాదు, కనీసం ఒక పూట పట్టేలా. కాంటాక్ట్ థర్మామీటర్ పెట్టి కొలువు. బిల్లెట్‌కి గాజు పూత వెయ్యి. అది కరిగి లూబ్రికెంట్‌లా పనిచేస్తుంది, వేడినీ పట్టి ఉంచుతుంది. ఫర్నేస్ నుంచి ప్రెస్ దాకా తెచ్చేటప్పుడు సిరామిక్ ఊలు దుప్పటి చుట్టు.

ఇది సగమే. 3, 5 నంబర్ల నెర్రెల సంగతి వేరు. ఆ రెండూ ఫర్నేస్‌లో ఎక్కడ పెట్టారు?

బాలానగర్_సుత్తి | సోమవారం రాత్రి 9:30

ఇప్పుడే మా ఆపరేటర్‌కి ఫోన్ చేశాను సార్. 3, 5 బర్నర్ మంట నేరుగా తగిలే వైపు ఉన్నాయట. మిగతావి వెనక వరసలో, ఇటుకల అవతల.

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | సోమవారం రాత్రి 9:55

అయితే నాకు అనుమానం గంధకం మీదే. సల్ఫర్.

నికెల్‌కి సల్ఫర్ అంటే చచ్చేంత భయం. రెండూ కలిస్తే సుమారు 640 డిగ్రీలకే కరిగే మిశ్రమం పుడుతుంది. ఫర్నేస్‌లో నువ్వు 1120 పెట్టావు. అంటే గ్రైన్ల మధ్య సందుల్లో ఆ పదార్థం ద్రవంగా పాకుతోంది. పైకి ఎర్రగా కాగిన గట్టి ముక్కలా ఉంటుంది, లోపల ఇటుకల మధ్య సున్నం కరిగిపోయిన గోడ. అలాంటి గోడ మీద వెయ్యి టన్నులు పడితే ఏమవుతుంది?

718లో క్రోమియం ఉంది కాబట్టి స్వచ్ఛమైన నికెల్ అంత దారుణంగా దెబ్బతినదు. అయినా ఫర్నేస్ ఆయిల్ మంట నేరుగా తగిలితే తట్టుకోవడం కష్టం. ఈ మిశ్రమాలకి వాడే ఆయిల్‌లో సల్ఫర్ అర శాతం లోపే ఉండాలని చెబుతారు, మామూలు ఫర్నేస్ ఆయిల్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆయిల్ ఒక్కటే కాదు. కటింగ్ ఆయిల్ మరక, గ్రీజు, గుర్తు పెట్టడానికి గీసే క్రేయాన్, పెయింట్, చివరికి చేతి గ్లవ్స్‌కి ఉన్న జిడ్డు కూడా. ఫర్నేస్‌లో పెట్టేముందు ప్రతి బిల్లెట్‌నీ ఎసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత శుభ్రమైన గ్లవ్స్‌తోనే పట్టుకోవాలి.

రుజువు కావాలంటే 5వ ముక్క నుంచి ఒక చెక్క కోసి ల్యాబ్‌కి పంపు. నెర్రె కొసన గ్రైన్ సందుల్లో బూడిదరంగు పదార్థం కనబడితే అది సల్ఫైడే.

ఇంజినీరింగ్_రెండో_ఏడు | మంగళవారం సాయంత్రం 5:10

సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. అసలు ఈ లోహం వేడిలో ఎందుకు మెత్తబడదు? దాన్ని కొలిమిలో మాత్రం ఎలా మెత్తబరుస్తారు? రెండూ వేడే కదా. క్లాసులో గామా ప్రైమ్ అని చెప్పారు, బట్టీ పట్టాను, అర్థం కాలేదు.

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | మంగళవారం రాత్రి 9:15

మంచి ప్రశ్న అడిగావు. ఇంజన్లలో వేడి తట్టుకునే లోహాల కథంతా నీ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పెద్ద జంపఖానాని నేల మీద జరపాలంటే మొత్తం లాగక్కర్లేదు. ఒక చివర మడత పెట్టి ఆ మడతని అవతలి కొస దాకా తోస్తే చాలు, జంపఖానా ఒక జానెడు జరిగినట్టే. లోహం సాగేది కూడా అలాగే. పరమాణువుల వరసల్లో ఉండే మడతలు జరుగుతాయి. వాటినే డిస్‌లొకేషన్ అంటాం. జంపఖానా మీద అక్కడక్కడా ఇటుకలు పెట్టావనుకో, మడత ఆగిపోతుంది. లోహంలో ఆ ఇటుకలే అవక్షేప కణాలు, అంటే లోహంలోంచే విడిపడి పుట్టే సన్నటి రేణువులు. నికెల్ మిశ్రమాల్లో సాధారణంగా నికెల్, అల్యూమినియం, టైటానియం కలిసి ఏర్పడేది గామా ప్రైమ్. 718లో పని ఎక్కువగా చేసేది మూడు నికెల్ పరమాణువులకి ఒక నియోబియం చొప్పున ఏర్పడే గామా డబుల్ ప్రైమ్.

ఆ కణాలు ఒక ఉష్ణోగ్రత దాటితే లోహంలోనే కరిగి మాయమైపోతాయి. ఇటుకలు తీసేసిన జంపఖానా సులువుగా జరుగుతుంది. మనం కొలిమిలో పనిచేసేది ఆ వేడిలోనే. పని అయ్యాక 980 దగ్గర కాసేపు ఉంచి చల్లార్చి, మళ్లీ 720 దగ్గర 8 గంటలు, అక్కడి నుంచి గంటకి 55 డిగ్రీల చొప్పున 620కి దించి ఇంకో 8 గంటలు ఉంచితే ఇటుకలన్నీ తిరిగి మొలుస్తాయి. అంతకుముందు మన మాట విని వంగిన లోహం ఆ తర్వాత గది ఉష్ణోగ్రత దగ్గర 1030 మెగాపాస్కల్‌కి (ఒత్తిడి కొలత) పైగా తట్టుకుంటుంది. 650 డిగ్రీల వేడిలోనూ 860 దాకా నిలబడుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఇటుకలు ఎంత వేడి దాకా కరగకుండా ఉంటే ఇంజన్‌కి అంత మంచిది, కొలిమివాడికి అంత కష్టం. 1941లో బర్మింగ్‌హామ్‌లోని హెన్రీ విగ్గిన్ కంపెనీ విటిల్ జెట్ ఇంజన్ కోసం నిమోనిక్ 80 తయారు చేసింది. హీటర్ తీగకి వాడే నికెల్-క్రోమియంకి కాస్త టైటానియం, అల్యూమినియం జోడించినదే. టర్బైన్ బ్లేడ్లు కొట్టి చేసేవారు. ఆ తర్వాత ప్రతి దశాబ్దంలో గామా ప్రైమ్ పెంచుకుంటూ పోయారు. చివరికి కణాలు కరిగే వేడికీ లోహమే కరగడం మొదలయ్యే వేడికీ నడుమ సందు దాదాపు మూసుకుపోయింది. కొట్టడానికి చోటే లేకుండా పోయింది. అందుకే బ్లేడ్లు ఫోర్జింగ్ వదిలి పోతకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఒక బ్లేడ్ మొత్తం ఒకే స్ఫటికంగా పోస్తున్నారు. మన హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం అలాంటి 60 బ్లేడ్లు విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌కి ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వెల్డర్_విశాఖ | మంగళవారం రాత్రి 10:40

సార్, వెల్డింగ్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. గామా ప్రైమ్ ఎక్కువున్న మిశ్రమాలు వెల్డ్ చేస్తే అప్పటికి బాగానే ఉంటాయి, తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌లో పెట్టగానే వెల్డ్ పక్కన పగులుతాయి. ఒకసారి నా చేతి మీదుగానే జరిగింది. రాత్రంతా ఫర్నేస్‌లో ఉన్న జాబ్ పొద్దున తీస్తే వెల్డ్ పక్కన వెంట్రుక లాంటి గీత. మూడు రోజుల పని పోయింది. 718తో నాకు ఇప్పటిదాకా అలా కాలేదు. దానికి బలం ఎక్కువగా గామా ప్రైమ్ నుంచి రాకపోవడమే కారణమా?

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | బుధవారం ఉదయం 6:45

అదే బాబూ. 718ని అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్‌లో హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ రూపొందించారు. పేటెంట్ 1962లో వచ్చింది. బలానికి అల్యూమినియం, టైటానియం మీద ఆధారపడకుండా 5 శాతం దాకా నియోబియం పెట్టడం ఆయన చేసిన గొప్ప పని. అందరూ అది ఎంత బలమిస్తుందో చూస్తారు. నాకు దాని మీద ప్రేమ పుట్టింది మాత్రం అది నిదానం కాబట్టి.

గామా ప్రైమ్ నిమిషాల్లో పుడుతుంది. గామా డబుల్ ప్రైమ్‌కి గంటలు పడుతుంది. వెల్డ్ చేశాక మళ్లీ వేడి చేసినప్పుడు, లోహం గట్టిపడే లోపే లోపలి ఒత్తిళ్లు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మన చేతికి పని చేసుకునేంత సమయం ఇచ్చే బలం అది. ఇంతకన్నా బలమైన మిశ్రమాలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. 60 ఏళ్లు దాటినా జెట్ ఇంజన్లలో 718 కదలకుండా కూర్చోవడానికి నాకు కనబడే కారణం ఇదే.

దాని హద్దూ అక్కడే ఉంది. 650 దాటి ఎక్కువ కాలం ఉంచితే ఆ కణాలు నిలవవు, డెల్టా అనే మరో రూపంలోకి మారిపోతాయి, బలం పోతుంది.

కొత్తతరం_లోహం | బుధవారం మధ్యాహ్నం 2:30

పెద్దలంటే గౌరవం ఉంది కానీ 718 అంటూ ఎన్నాళ్లు? 650 డిగ్రీలకే ఆగిపోయే లోహం గురించి ఇంత చర్చ అవసరమా? హై ఎంట్రపీ మిశ్రమాలు (నాలుగైదు లోహాలని దాదాపు సమానంగా కలిపినవి) 1600 డిగ్రీల్లో కూడా బలంగా ఉంటాయని పేపర్లు వచ్చి పదేళ్లు దాటింది. మన షాపులు ఇంకా పాత లోహాల దగ్గరే ఉన్నాయి.

ఓహాయో_అమ్మాయి | గురువారం తెల్లవారుజామున 3:20

అందరికీ నమస్తే. నేను చేస్తున్న పీహెచ్‌డీ సరిగ్గా ఈ మిశ్రమాల మీదే కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరు చెప్పిన పేపర్లు మా ఊరికి గంట దూరంలో ఉన్న డేటన్‌లోని ఎయిర్ ఫోర్స్ ల్యాబ్ నుంచి వచ్చినవి, ఒలెగ్ సెంకోవ్ బృందానివి.

అంకెలు మీరన్నట్టే ఉన్నాయి. నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్ సమానంగా కలిపిన మిశ్రమం 1600 డిగ్రీల దగ్గర 405 మెగాపాస్కల్ తట్టుకుంది. ఆ వేడికి 718 ఎప్పుడో కరిగి నీరైపోతుంది. కానీ అదే పేపర్లలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ మిశ్రమాన్ని నొక్కితే 2 శాతం దగ్గరే పగిలిపోయింది. లాగితే కాదండీ, నొక్కితేనే. నొక్కితే పగిలేదాన్ని షాపులో ఏం చేస్తాం?

తర్వాత అదే బృందం హాఫ్నియం, నియోబియం, టాంటలం, టైటానియం, జిర్కోనియం కలిపి ఇంకోటి చేసింది. అది గది ఉష్ణోగ్రత దగ్గర 50 శాతం నొక్కినా పగల్లేదు. ఎంత ఆశ కలిగిస్తుందో చూడండి. కానీ 1200 డిగ్రీలకి వచ్చేసరికి దాని బలం 92 మెగాపాస్కల్‌కి పడిపోయింది. బలమైనది సాగదు, సాగేది వేడిలో నిలవదు. మాస్టారు బ్లేడ్ల గురించి చెప్పిన కథే ఇక్కడ మళ్లీ మొదలైంది.

పైగా ఆక్సీకరణ. మాలిబ్డినంని గాలిలో 800 డిగ్రీలకి వేడి చేస్తే దాని ఆక్సైడ్ తెల్లటి పొగలా ఎగిరిపోతుంది. మొదటిసారి మా ల్యాబ్‌లో ఫర్నేస్ తలుపు తీసినప్పుడు లోపలి గోడలన్నీ పలచగా మెరిసే సూదుల్లాంటి పొడి పట్టి ఉన్నాయి. నా శాంపిల్ సగం అక్కడ ఉంది. రెండు నెలలు కష్టపడి చేసిన శాంపిల్ అది. ఏడ్చేశాను.

కొత్తతరం గారూ, కొత్త మిశ్రమాల మీద మీకున్నంత ఆశ నాకూ ఉంది. అయితే ఇవి ఇంకా 718 పక్కన నిలబడే స్థితిలో లేవు.

కొత్తతరం_లోహం | గురువారం ఉదయం 10:05

ఆ 2 శాతం సంగతి నాకు తెలియదు. నేను గ్రాఫ్ మాత్రమే చూశాను. తొందరపడి రాశాను, ఒప్పుకుంటున్నాను.

కానీ అడుగుతున్నాను, పెళుసు అని వదిలేస్తే ఎప్పటికి బాగుపడుతుంది?

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | గురువారం రాత్రి 8:30

ఈ ఒక్క మాటకి నేను మీ పక్షాన ఉన్నాను. పెళుసు అన్నది లోహానికి పుట్టుకతో రాసిపెట్టిన రాత కాదు.

టంగ్‌స్టన్ సంగతి చూడండి. లోహాలన్నిట్లోకీ ఎక్కువ వేడికి కరిగేది, 3400 పైన. బల్బు ఫిలమెంట్‌కి అంతకంటే మంచిది లేదు. కానీ ముట్టుకుంటే విరిగిపోయేది, తీగ లాగడం అసాధ్యమనే అనుకున్నారు. జనరల్ ఎలక్ట్రిక్‌లో విలియం కూలిడ్జ్ ఏళ్ల తరబడి దాని వెంటపడ్డారు. పొడిని కడ్డీగా చేసి, ఎర్రగా కాచి సుత్తులతో చుట్టూ కొట్టుకుంటూ, ప్రతి విడతలో వేడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చారు. మామూలు లోహాలు కొట్టేకొద్దీ పెళుసెక్కుతాయి. టంగ్‌స్టన్ కొట్టేకొద్దీ సాగడం మొదలుపెట్టింది. 1910 నాటికి చల్లగా ఉన్నప్పుడు కూడా వంగే తీగ చేతికొచ్చింది. లోహంలో ఒక్క పరమాణువు మార్చలేదు, పనిచేసే తీరు మార్చారంతే.

కాబట్టి ఓహాయో అమ్మాయీ, నీ శాంపిల్ పోయిందని దిగులు పడకు.

ఓహాయో_అమ్మాయి | శుక్రవారం తెల్లవారుజామున 2:50

మాస్టారూ, చాలా థ్యాంక్స్. ఈ పోస్ట్ మా ల్యాబ్‌లో ఉన్న తెలుగు వాళ్లందరికీ చదివి వినిపించాను.

ఆశ పెట్టుకోదగ్గవి ఈమధ్య రెండు వచ్చాయి. 2024లో బర్కిలీ ల్యాబ్‌లో రాబర్ట్ రిచీ వాళ్లు నియోబియం, టాంటలం, టైటానియం, హాఫ్నియంల మిశ్రమం ఒకటి పరీక్షించారు. మైనస్ 196 నుంచి 1200 డిగ్రీల దాకా పగులుని బాగా అడ్డుకుంది. పగులు కొస దగ్గర స్ఫటికం సన్న పట్టీలుగా మడత పడుతోంది, దాంతో దెబ్బ ఒకచోట పోగవకుండా చెదిరిపోతోంది. రెండోది ఇక్కడి క్లీవ్‌లాండ్‌లోని నాసా గ్లెన్ వాళ్ల జీఆర్ఎక్స్-810. నికెల్, కోబాల్ట్, క్రోమియం పొడికి అతిసన్నని ఇట్రియం ఆక్సైడ్ రేణువులు అంటించి త్రీడీ ప్రింటర్‌లో లేజర్‌తో పొరలు పొరలుగా పేరుస్తారు. ఆక్సైడ్ ఇటుకలు 1090 డిగ్రీల దగ్గర కూడా కరగవు. అలాంటిదాన్ని కొట్టి ఆకారం తేవడం చాలా కష్టం, అందుకే అసలు కొట్టే పనే లేకుండా చేశారు.

హై ఎంట్రపీ మీద చదవాలనుకునే ఇంజినీరింగ్ తమ్ముడికి ఒక మాట. అమెరికా దాకా రావక్కర్లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో బి.ఎస్. మూర్తి గారు ఈ రంగంలో ప్రపంచమంతా ఎరిగిన మనిషి.

నిర్మల్_కమ్మరి | శుక్రవారం రాత్రి 7:45

నేను చదువుకున్నది తక్కువ. తాతల నాటి నుంచి కొలిమి పని. మీరు 900 కింద వద్దు, 1120 పైన వద్దు అంటుంటే మా నాయన మాటలు గుర్తొచ్చాయి.

మా ఇలాకాలో, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, ఒకప్పుడు ఉక్కు ముద్దలు చేసేవాళ్లు. పర్షియా వర్తకులు కూడా ఆ ముద్దల కోసం వచ్చేవాళ్లట. విదేశీ కమ్మర్లు ఆ ముద్దని తమ ఇనుములా తెల్లగా కాచి సుత్తి వేస్తే ముక్కలు ముక్కలైపోయేది. దాన్ని ఎర్రటి వేడి మీదే, తేలిక దెబ్బలతో, మళ్లీ మళ్లీ కాస్తూ కొట్టాలి. ‘ఎక్కువ కాస్తే అలిగి పలుగుతది’ అనేవాడు మా నాయన.

బాలానగర్ అన్నా, నాకు మీ లోహం తెల్వదు. మీ పనోళ్లని మొదటి దెబ్బ మెల్లగా వేయమను.

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | శుక్రవారం రాత్రి 9:00

మీ నాయనగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దగ్గర ఉండేది. తెల్లటి వేడికి గ్రైన్ల మధ్య కరగడం మొదలయ్యేది, దెబ్బ పడగానే విడిపోయేది. బాలానగర్ బాబు 5వ నంబరు ముక్కలో సల్ఫర్ చేసిన పనే అది.

మొదటి దెబ్బ మెల్లగా అన్నదీ సరైన సలహా. వేగంగా నొక్కితే లోపల రాపిడికి వేడి ఇంకా పెరుగుతుంది. ఫర్నేస్ 1120 ఉన్నా ముక్క నడుమ అంతకు మించిపోయి గ్రైన్ ఉబ్బుతుంది. చర్లపల్లి బాబు చూసిన బియ్యపు గింజలు అలా వచ్చినవే కావచ్చు.

బాలానగర్, ఈసారి రెండు హీట్లు చాలవు, మూడు పెట్టుకో. మొదటి రెండూ 1100 లోపు. చివరిది 1010 దగ్గర. ఆ వేడిలో డెల్టా పూర్తిగా కరగదు, మిగిలింది గ్రైన్‌ని పెరగనివ్వదు. చివరి హీట్‌లో కనీసం 20 శాతం నొక్కుడు మిగుల్చుకో, లేకపోతే గ్రైన్ సన్నబడదు. 1180 అన్న మీ ఆపరేటర్‌కి కూడా నచ్చజెప్పు. ఆ వేడిని మిల్లులో పోత ఇంగాట్‌ని (పోసిన దిమ్మని) గంటల తరబడి నానబెట్టి నియోబియం సమంగా పరుచుకునేలా చేయడానికి వాడతారు. ఒకసారి సన్నబడిన గ్రైన్‌ని అక్కడికి తీసుకెళ్తే మళ్లీ మొదటికొస్తుంది.

సీఎన్‌సీ_చర్లపల్లి | శుక్రవారం రాత్రి 9:20

చిన్న విన్నపం. అంచు మీద అలవెన్స్ (మేం కోసి తీసేయడానికి వదిలే అదనపు మందం) కాస్త ఎక్కువ ఇవ్వండి. 718 మీద టూల్ రుద్దుకుంటే పైపొర వెంటనే గట్టిపడుతుంది, ఆ తర్వాత ఇన్సర్ట్ (టూల్ కోసే మొన) నిలవదు. పొర కిందికి ఒకేసారి దిగేంత మెటీరియల్ కావాలి.

బాలానగర్_సుత్తి | పన్నెండు రోజుల తర్వాత, బుధవారం రాత్రి 10:10

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించండి.

ముందు ల్యాబ్ రిపోర్ట్ సంగతి. 5వ ముక్క నెర్రె పక్కన గ్రైన్ సందుల్లో బూడిదరంగు సల్ఫైడ్ ఉంది. సార్ మాట నిజమైంది. ఫొటో చూస్తే ఒళ్లు జలదరించింది. పైనుంచి చూసి అంత బాగుందనుకున్న లోహం లోపల నల్లటి వల.

ఆ రోజే బర్నర్ తీయించి మళ్లీ ఎల్పీజీకి మార్చాం. లోపల ఆయిల్ మసి పట్టిన ఇటుకలు కూడా మార్పించాను. ఖర్చయింది, పోయిన ముక్కల డబ్బు కంటే తక్కువే.

నిన్న ఆరు ముక్కలు పెట్టాం. ముందురోజు సాయంత్రం నుంచే డైలు వేడి చేసి పెట్టాం, పొద్దున కొలిస్తే 340. ప్రతి బిల్లెట్‌నీ ఎసిటోన్‌తో తుడిచాం. మా ఆపరేటర్ కొత్త తెల్ల గ్లవ్స్ తెచ్చుకున్నాడు, వాటిని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. గాజు పూత వేసి ఆరబెట్టాం. ఫర్నేస్ తలుపు తీయగానే ముక్క మీద పూత తేనెలా జిగురుగా మెరుస్తోంది. ఊలు దుప్పటిలో చుట్టి ప్రెస్ దాకా తీసుకెళ్లడానికి తొమ్మిది సెకన్లు పట్టింది, స్టాప్‌వాచ్ పెట్టాం. మొదటి నొక్కుడు మెల్లగా వేశాం. నిర్మల్ అన్నా, ఆ క్షణంలో మీరే గుర్తొచ్చారు.

ఆరింటిలో ఐదు డీపీ టెస్ట్‌లో శుభ్రంగా వచ్చాయి. ఒకదానికి అంచున చిన్న గీత కనబడితే గ్రైండ్ చేశాం, రెండు మిల్లీమీటర్ల లోతులోనే పోయింది. అలవెన్స్ ఉంది కాబట్టి సరిపోయింది. చర్లపల్లి అన్నకి కృతజ్ఞతలు.

ఒకదాన్ని కోసి, 720 నుంచి 620కి దించే హీట్ ట్రీట్‌మెంట్ పూర్తిచేసి బ్రినెల్ గట్టితనం చూపించాం. 388 వచ్చింది. పార్టీ అడిగింది కనీసం 331. గ్రైన్ రిపోర్ట్ ఎల్లుండి వస్తుంది.

రిటైర్డ్_మెటలర్జిస్ట్ | గురువారం ఉదయం 5:50

శభాష్. ఆ ఒక్క గీత వచ్చిన ముక్క ప్రెస్ కిందికి ఎన్నోదిగా వెళ్లిందో చూడు. మొదటిదే అయితే డైలు ఇంకో 30 డిగ్రీలు పెంచు.

బాలానగర్_సుత్తి | గురువారం ఉదయం 7:15

మొదటిదే సార్.